అక్షహృదయం ఎరిగిన గణితవేత్త: జాన్ వాన్ న్యూమన్

జూదాన్ని సత్కార్యంగా ఎంచిన ధర్మశాస్త్రం ఏదీ మనకు కానరాదు. పవిత్ర ఖురాను మద్యంతో పాటు జూదాన్ని కూడ నిషేధించింది. మహాభారతంలో సభాపర్వంలోని ద్యూతఘట్టం ఒక్క జూదం వల్ల ఒక రాజ్యం, ఒక కుటుంబం ఎట్లా అధోగతి పాలయ్యాయో చెప్పే కథ. అయితే ఒక దురాచారాన్ని ఆచరించడం వేరు, దాని మర్మాన్ని శోధించడం వేరు. వైద్యుడు రోగక్రిమిని సూక్ష్మదర్శినిలో చూసేది రోగాన్ని వ్యాపింపజేయడానికి కాదు గదా! అదే మహాభారతంలో అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విషయాన్ని చక్కగా సూచిస్తుంది. జూదంలో సర్వస్వాన్నీ కోల్పోయిన నలమహారాజు బాహుకుడనే పేర ఋతుపర్ణుని కొలువులో సారథిగా ఉన్నాడు. దారిలో ఒక చెట్టును చూపి, దాని ఆకులూ కాయలూ ఎన్నో లెక్క చెప్పిన ఋతుపర్ణుని వద్ద అతడు అక్షహృదయమనే విద్యను గ్రహించాడు. పాచికల మర్మమూ, లెక్కించే నేర్పూ ఒకే విద్య అని ఆ కథకుని భావం కాబోలు.

ఆ అక్షహృదయాన్ని ఇరువదవ శతాబ్దంలో గణితశాస్త్ర రూపంలో లోకానికి వెల్లడించిన మహామేధావి జాన్ వాన్ న్యూమన్. పేకాటలో ఎదుటివాడు పందెం ఎందుకు పెంచాడు, ఎందుకు ఊరకున్నాడు అనే ప్రశ్నను ఆయన సిద్ధాంతంగా మలచారు. ఆ సిద్ధాంతం అర్థశాస్త్రంలోకి, రాజనీతిలోకి, యుద్ధతంత్రంలోకి ప్రవేశించింది. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

న్యూమన్ 1903 డిసెంబరు 28వ తేదీన హంగెరీ రాజధాని బుడాపెస్టు నగరంలో సంపన్నమైన యూదు కుటుంబంలో జన్మించారు. స్వదేశంలో ఆయన పేరు యానోష్. తండ్రి మిక్షా బ్యాంకు వ్యవహారాలలో ఆరితేరినవారు, తల్లి మార్గిట్. ముగ్గురు అన్నదమ్ములలో ఈయన పెద్దవారు. ఇంట్లో పెద్ద గ్రంథాలయం ఉండేది. భోజనాల వేళ తండ్రి తన వ్యాపార విషయాలను, పిల్లలు తాము చదివిన సంగతులను చర్చించుకొనడం ఆ ఇంటి సంప్రదాయం. విదేశీ భాషలను పిల్లలకు పసితనం నుండే నేర్పించారు. బాలుని జ్ఞాపకశక్తి, మనోగణిత ప్రజ్ఞ చూసిన వారిని విస్మయపరచేవి.

బుడాపెస్టులోని లూథరన్ ఉన్నత పాఠశాలలో లాస్లో రాట్జ్ అనే గణితోపాధ్యాయుడు ఈ బాలుని ప్రతిభను గుర్తించి, విశ్వవిద్యాలయ పండితుల చేత ప్రత్యేకంగా పాఠాలు చెప్పించారు. తరువాతి కాలంలో నోబెల్ బహుమానం పొందిన యూజీన్ విగ్నర్ ఆ పాఠశాలలోనే ఒక తరగతి ముందు చదివారు. శిష్యుని గొప్పతనాన్ని గుర్తించి, తనకంటె పెద్దల వద్దకు పంపించగల గురువు దొరకడం ఎంతటి అదృష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

కాని కాలం అనుకూలంగా లేదు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం హంగెరీ అల్లకల్లోలమైంది. 1920లో విశ్వవిద్యాలయాలలో యూదుల ప్రవేశాన్ని పరిమితం చేస్తూ శాసనం వెలువడింది. న్యూమన్‌కు బుడాపెస్టులో గణితశాస్త్రంలో ప్రవేశం లభించింది. అయినా గణితం కూడు పెట్టదని తండ్రి భయం. అందుచేత మొదట బెర్లినులోను, తరువాత జ్యూరిచ్‌లోను రసాయన శాస్త్రం చదువుతూ, బుడాపెస్టుకు పరీక్షలకు మాత్రం వచ్చిపోతూ, 1926లో జ్యూరిచ్ నుండి రసాయన ఇంజనీరింగు పట్టాను, బుడాపెస్టు నుండి గణితంలో డాక్టరేటును సంపాదించారు. తండ్రి మాటా చెల్లింది, తనయుని మనసూ నెరవేరింది.

ఆ సంవత్సరమే ఆయన జర్మనీలోని గొట్టింగెన్ చేరారు. అప్పుడు డేవిడ్ హిల్బర్టు ఉన్న ఆ నగరం గణితవేత్తలకు పుణ్యక్షేత్రం వంటిది. 1926 డిసెంబరు 7వ తేదీన అక్కడి గణిత సమాజంలో న్యూమన్ ఒక పరిశోధనా పత్రం చదివారు. వినోదార్థం ఆడే ఆటల గురించిన ఆ పత్రం 1928లో ప్రచురితమైంది. అప్పటికి ఆయన వయస్సు ఇరువది నాలుగేండ్లు. అంతకు ముందే, 1921 నుండి, ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బొరెల్ ఇటువంటి ఆటలను పరిశీలించారు గాని, అన్ని సందర్భాలకూ వర్తించే సూత్రం ఉంటుందా అని సందేహించారు. ఆ సందేహాన్ని తీర్చినవారు న్యూమన్.

ఈ సూత్రాన్ని గ్రహించడానికి మన పల్లెలలో పిల్లలాడే సరి-బేసి ఆటను తలచుకొందాం. ఒకడు గుప్పిట్లో గింజలు మూస్తాడు. రెండవవాడు సరియో బేసియో చెప్పాలి. మూసేవాడు ఎప్పుడూ సరినే మూస్తే పట్టుబడతాడు. ఒకసారి సరి, ఒకసారి బేసి అని వంతులు పెట్టుకొన్నా తెలివిగలవాడు పసిగట్టేస్తాడు. మరి దారి ఏమిటి? ఏది మూయాలో తానే ముందుగా ఎరుగకుండా, నాణెం ఎగురవేసి, దాని ప్రకారం నడచుకొనడమే. అప్పుడు ఎదుటివాడు ఎంత బుద్ధిమంతుడైనా చేయగలిగింది లేదు. ఇద్దరి మధ్య ఒకని లాభమే మరొకని నష్టమైన ప్రతి ఆటలోను, ఎత్తుగడలకు హద్దు ఉన్నంతవరకు, ఇట్లాంటి సురక్షితమైన మిశ్రమ విధానం ఇరువురికీ ఒకటి ఉండి తీరుతుందని న్యూమన్ నిరూపించారు. శత్రువు చేయగల గరిష్ఠమైన కీడును కనిష్ఠానికి తగ్గించుకొనే మార్గమది.

చదరంగానికీ పేకాటకూ గల భేదాన్ని ఆయన స్పష్టంగా చూశారు. చదరంగంలో బలగమంతా బల్లమీదే కనిపిస్తుంది. లెక్క వేయగల శక్తి ఉంటే ప్రతి స్థితికీ సరియైన ఎత్తు ఒకటి ఉంటుంది. పేకాటలో ఎదుటివాని ముక్కలు కనబడవు. కనబడేది అతడు పెట్టిన పందెం ఒక్కటే. ఆ పందెం ఒక మాట వంటిది. అది నిజం కావచ్చు, బుకాయింపు కావచ్చు. నిజజీవితం చదరంగం కంటె ఈ ఆటకే దగ్గరగా ఉంటుందని ఆయన అభిప్రాయం.

1930లో ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1933లో అక్కడ నూతనంగా వెలసిన ఉన్నత విద్యా పరిశోధన సంస్థలో ఐన్‌స్టైన్ వంటి వారితో పాటు ఆచార్య పదవి లభించింది. జర్మనీలో నాజీలు అధికారానికి వచ్చిన ఆ యేడే అక్కడి పదవులతో సంబంధం తెంచుకొన్నారు. 1937లో అమెరికా పౌరులయ్యారు. క్వాంటం యాంత్రిక శాస్త్రానికి గణిత పునాదులు వేసిన గ్రంథం 1932 నాటిది. నక్షత్ర సమూహాల ఆకర్షణ బలాల గణాంకాలపై మన దేశానికి చెందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తో కలిసి రచించిన పత్రాలు ఆ తరువాతి దశాబ్దానివి. పాండిత్యం ఇంత విస్తరించినా ఆటల సిద్ధాంతం ఆయన మనస్సును విడిచిపెట్టలేదు.

1938లో వియన్నా నుండి ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ అనే అర్థశాస్త్రజ్ఞుడు ప్రిన్స్‌టన్ చేరారు. బజారులో కొనేవాడు, అమ్మేవాడు ఒకరి ఎత్తు నొకరు ఊహిస్తూ నడచుకొంటారు గనుక అర్థశాస్త్రానికి కావలసింది ఈ సిద్ధాంతమేనని ఆయన గ్రహించారు. ఇరువురి కృషి ఫలితంగా, ఆరువందల పుటలకు మించిన ఆటల సిద్ధాంత గ్రంథం 1944లో వెలువడింది. అందులో పోకర్ అనే అమెరికను పేకాటకు ప్రత్యేక స్థానం కల్పించారు.

ఏబదిరెండు ముక్కల నుండి ఐదేసి ముక్కల చేతులు 25,98,960 విధాలుగా ఏర్పడతాయి. ఇన్నింటితో లెక్క సాగదు. అందుచేత న్యూమన్ ఆటను ఎముకల గూడు వంటి నమూనాగా కుదించారు. ఆటగాళ్ళు ఇద్దరు, ఒక్కొక్కరి చేతి బలాన్ని ఒక్క సంఖ్య తెలుపుతుంది, పందెం పెద్దది, చిన్నది అని రెండే రకాలు. ఆ నమూనాకు సన్నిహితమైన ఒక చిన్న ఉదాహరణను ఇక్కడ వివరిస్తాము. పాఠకులు కాగితం, కలం తీసుకొని సరిచూసుకొనవచ్చు.

ఇద్దరూ చెరి 50 రూపాయలు వేయగా మధ్యలో 100 రూపాయలున్నాయనుకొందాం. మొదటివాడు మరొక 100 పందెం కాయవచ్చు, లేదా ఊరకుండి ఇరువురి ముక్కలు విప్పి చూడమనవచ్చు. అతడు పందెం కాస్తే, రెండవవాడు 100 ఇచ్చి ముక్కలు చూపమనవచ్చు, లేదా తన ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చు. చేతుల బలాన్ని అధమం నుండి ఉత్తమం వరకు తొమ్మిది సమాన భాగాలుగా విభజిస్తే, మొదటివానికి తగిన విధానం ఇది: అగ్రభాగాన ఉన్న రెండు భాగాల చేతులతో పందెం కాయాలి, అన్నిటికంటె అట్టడుగున ఉన్న ఒక భాగంతో కూడ పందెం కాయాలి, నడుమనున్న ఆరు భాగాలతో ఊరకుండాలి. రెండవవాడు పై నాలుగు భాగాల చేతులతో పందెం అందుకొని, తక్కినవాటితో తప్పుకొనాలి.

బలమైన ముక్కలతో పందెం కాయడం సహజమే. నడిమి ముక్కలను వదలి, పనికిరాని ముక్కలతో బుకాయించడమెందుకు? కారణం యోచిస్తే సులభమే. నడిమి చేతికి ఊరకున్నా గెలిచే అవకాశం కొంత ఉంది. దానితో పందెం కాస్తే, తక్కువవాడు పారిపోతాడు, ఎక్కువవాడే నిలుస్తాడు; కనుక లాభం లేదు, నష్టమే. అట్టడుగు చేతికి ముక్కలు విప్పితే ఓటమి తప్పదు గనుక పోయేది తక్కువ. ఎదుటివాడు తప్పుకొంటే వచ్చేది ఎక్కువ. బుకాయింపు అంటే మొండి ధైర్యమో, పొగరుబోతుతనమో అని మనం తలుస్తాము. న్యూమన్ దృష్టిలో అది లెక్క ప్రకారం, పాళ్ళ ప్రకారం జరగవలసిన పని.

ఆ పాళ్ళను పరిశీలిద్దాం. పైన చెప్పిన విధానంలో ప్రతి మూడు పందేలలో రెండు నిజం, ఒకటి బుకాయింపు. రెండవవాని చేతిలో బుకాయింపును మాత్రమే ఓడించగల ఒక మోస్తరు ముక్కలున్నాయనుకొందాం. అతడు మూడుసార్లూ పందెం అందుకొంటే బుకాయింపు మీద 200 లాభం, నిజమైన రెండింటి మీద నూరేసి చొప్పున 200 నష్టం, మొత్తం శూన్యం. అన్నిసార్లూ తప్పుకొన్నా కొత్తగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఏది చేసినా ఒక్కటే! ఇట్టి సందిగ్ధంలో ప్రత్యర్థిని నిలపడమే నేర్పు. మొదటివాడు అత్యాశకు పోయి సగం పందేలు బుకాయింపులే చేస్తే, రెండవవాడు ప్రతిదీ అందుకొని లాభపడతాడు. అతడు ఎన్నడూ బుకాయించని సత్యవంతుడైతే, రెండవవాడు ప్రతిసారీ తప్పుకొంటాడు. అప్పుడు సత్యవంతుని మంచి ముక్కలకు మధ్యలోని సొమ్ముకు మించి చిల్లిగవ్వ రాదు.

బుకాయింపుకు రెండు ప్రయోజనాలున్నాయని న్యూమన్ వివరించారు. బలహీనుడు బలవంతునిగా కనిపించి పందెం గెలవడం మొదటిది, అందరికీ తెలిసినది. బలంగా ఉన్నప్పుడు కూడ బలహీనుడేమో అనే అనుమానం ఎదుటివానికి కలిగించడం రెండవది. ఒకటి రెండు సార్లు బుకాయించి పట్టుబడినవాడు నష్టపోయినట్లు కనిపిస్తాడు. నిజానికి ఆ నష్టమే తరువాతి మంచి ముక్కలకు పెట్టుబడి అవుతుంది. కాబట్టి ఒక ఆటగాని పందెం భావాన్ని తెలుసుకొనదలచినవాడు అతని కనుబొమలను, చేతి వణుకును మాత్రమే చూస్తే చాలదు. ఇదే పందెం అతడు ఇంకా ఏయే ముక్కలతో కాస్తాడు, ఎన్నిటికి ఎన్ని పాళ్ళలో కాస్తాడు అని విచారించాలి. ఒక్క పందెం ఒక్క అక్షరం వంటిది. అలవాట్ల మొత్తమే వాక్యం.

ఇంత ఎరిగిన న్యూమన్ పోకర్ ఆటలో ప్రవీణులు కారనడం విచిత్రమైన సంగతి. యుద్ధకాలంలో లాస్ అలమోస్‌లో సహచరులతో సరదాగా ఆడేవారు. ఒకసారి నికొలస్ మెట్రొపొలిస్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆయన వద్ద పది డాలర్లు గెలిచి, ఐదింటితో ఆయన గ్రంథాన్నే కొని, తక్కిన ఐదు డాలర్లను విజయచిహ్నంగా ఆ గ్రంథం అట్టలోపల అంటించుకొన్నారట! సిద్ధాంతం తెలియడం వేరు, బల్లముందు దానిని ఆచరణలో పెట్టడం వేరు.

లాస్ అలమోస్ పేరు తలచినప్పుడు సరదా మాట వెనుకబడుతుంది. అణుబాంబు నిర్మాణంలో ప్లుటోనియం గోళాన్ని అన్ని దిక్కుల నుండి ఒకేసారి లోపలికి నొక్కే విస్ఫోటన పద్ధతికి న్యూమన్ గణితం తోడ్పడింది. 1945 ఆగస్టు 9న నాగసాకిని భస్మం చేసిన బాంబు ఆ రకానిదే. జపానులోని ఏ నగరాలపై బాంబు వేయాలో ఆలోచించిన సంఘంలో కూడ ఆయన సభ్యులు. యుద్ధానంతరం రష్యాపై ముందుగానే దెబ్బ తీయాలన్న కఠినవాదం వినిపించినవారిలో ఆయన ఒకరు. శత్రువు ఎల్లప్పుడూ మనకు గరిష్ఠమైన కీడునే తలపెడతాడని భావించే సిద్ధాంతం పేకబల్ల దగ్గర క్షేమకరమే. దానినే దేశాలకు అన్వయిస్తే ఎక్కడికి దారితీస్తుంది? ఆటలో ఒకని నష్టం మరొకని లాభం. అణుయుద్ధంలో ఇద్దరికీ నష్టమే మిగులుతుంది. ఆయన బ్రతికి ఉండగానే, 1950 ప్రాంతంలో, పోటీతో పాటు సహకారానికీ చోటున్న ఆటలను జాన్ నాష్ మొదలైన యువకులు శోధించసాగారు. మహామేధావి దృష్టిలోని వెలితిని ఈ విధంగా తరువాతి తరంవారు పూరించారు.

ఆయన సేవ విధ్వంసానికి మాత్రమే పరిమితం కాలేదు. ఆదేశాలను, దత్తాంశాలను ఒకే జ్ఞాపకశాలలో భద్రపరచే కంప్యూటరు నమూనాను 1945లో ఒక నివేదికలో వర్ణించారు. ఎకెర్ట్, మాక్లీ అనే ఇంజనీర్ల కృషికి కూడ అందులో భాగమున్నది గాని, ఆ నమూనాకు న్యూమన్ పేరే స్థిరపడింది. 1950లో ఎనియాక్ యంత్రంపై వాతావరణ సూచనలను లెక్కించి చూసిన బృందానికి ప్రేరకులు ఆయనే.

1955లో అమెరికా అణుశక్తి సంఘ సభ్యులైన కొద్ది నెలలకే ఆయనకు క్యాన్సరు వ్యాధి ఉన్నట్లు తేలింది. 1956లో చక్రాల కుర్చీలో కూర్చొని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా స్వేచ్ఛా పతకాన్ని అందుకొన్నారు. వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో ఉండగా, బాధలో రక్షణ రహస్యాలు నోట జారుతాయేమో అని ప్రభుత్వం కాపలా ఉంచింది. జీవితమంతా లెక్కలపై నమ్మకముంచిన మనిషి అవసాన దశలో ఒక క్రైస్తవ మతాచార్యుని పిలిపించుకొన్నారు. 1957 ఫిబ్రవరి 8న, 53 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. కంప్యూటరును మానవ మస్తిష్కంతో పోల్చిన ఆయన ఉపన్యాసాలు మరణానంతరం 1958లో గ్రంథరూపం దాల్చాయి.

ఆయన నాటిన విత్తనం వృక్షమైంది. 1950లో హెరాల్డ్ కూన్ మూడే ముక్కలతో ఆడే చిన్న పోకర్‌ను పూర్తిగా సాధించి, అందులోనూ బుకాయింపు తప్పనిసరి అని చూపారు. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు పందెపు పరిమితి గల ఇద్దరి పోకర్‌ను దాదాపు సంపూర్ణంగా సాధించారు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రటస్ అనే కంప్యూటరు కార్యక్రమం 1,20,000 ఆటలలో నలుగురు వృత్తి ఆటగాళ్ళను ఓడించింది. దానికి ముఖం లేదు, వణికే చేతులు లేవు. పాళ్ళు మాత్రమే తెలుసు. న్యూమన్ సిద్ధాంతానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక మన విషయానికి వద్దాం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టపు ఆట అని సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వ్యాజ్యంలో 1967 నవంబరులో తీర్పు చెప్పింది. నైపుణ్యం ఉన్నంత మాత్రాన సొమ్ము వస్తుందని నమ్మి, చేతిలోని ఫోనుపైనే పందేలు కాసి అప్పులపాలైన యువకుల కథలు మనం ఎన్నో విన్నాము. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇట్టి ఆటలను నిషేధిస్తూ చట్టాలు సవరించాయి; 2025 ఆగస్టులో పార్లమెంటు కూడ శాసనం చేసింది.

చట్టం సంగతి అటుంచి, న్యూమన్ గణితమే మనకు చెప్పే మాట ఒకటుంది. సమానులైన ఇద్దరు, వంతులు మార్చుకొంటూ, ఏ లోపం లేకుండా ఆడితే చివరకు ఇరువురికీ మిగిలేది శూన్యం. ఆట నడిపేవాడు ప్రతి పందెంలో తన భాగం తీసుకొంటాడు గనుక, ఆ శూన్యం కాస్తా ఇద్దరికీ నష్టంగా మారుతుంది. లోపం లేకుండా ఆడగలిగేది యంత్రం. లోపాలతో ఆడేది మనిషి. మతాలు నీతి పేర వారించినదానినే గణితం లెక్క పేర వారిస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! నలుడు అక్షహృదయం నేర్చింది జూదరిగా బ్రతకడానికి కాదు, పోగొట్టుకొన్న రాజ్యాన్ని తిరిగి పొందడానికి. న్యూమన్ పందెపు మర్మాన్ని శోధించింది పేకబల్ల దగ్గర ధనం గడించడానికి కాదు, మనుషులు ఒకరినొకరు ఎట్లా అంచనా వేస్తారో తెలుసుకొనడానికి. ఎదుటివాని ఒక్క చర్యను చూసి తొందరపడక, అతని స్థానంలో నిలిచి, అతని ఎదుట ఉన్న మార్గాలన్నిటినీ తూచి చూడడం ఆయన నేర్పిన పాఠం. ఆ పాఠాన్ని గ్రహిద్దాం. పందెం మాత్రం బల్లమీదే విడిచిపెడదాం.